జెనోవా అరుగు

మా పెదనాన్న ఎక్కడ కూర్చోబోయినా ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు. పోర్ట్ క్లాంగ్ స్టేషన్‌లో బెంచీ అయినా, మా ఫ్లాట్ల కింద సిమెంటు దిమ్మ అయినా అంతే.

"అరుగు మీదకి సెప్పుల్తో ఎక్కకూడదని మా మామ్మ సెప్పినాది" అనేవాడు.

ఆయన పుట్టిన మలేషియా రబ్బరు తోట ఇళ్లకు అరుగుల్లేవు. శ్రీకాకుళం వైపు నుంచి మామ్మతో పాటు ఆ మాట మాత్రం ఓడెక్కి వచ్చింది. అరుగు అక్కడే ఉండిపోయింది.

ఓడలో వంటవాడిగా తిరిగే రోజుల్లో ఆయన ఇటలీలో జెనోవా రేవులో దిగాడు. పాత ఊళ్లోకి నడిచి వెళితే పెద్ద చర్చి, దాని ముందు మెట్లు, అటూ ఇటూ రాతి సింహాలు. సాయంత్రం జనమంతా ఆ మెట్ల మీద చేరి కబుర్లు చెప్పుకుంటున్నారట.

"ఇదేటని సూసినాను. మామ్మ సెప్పిన అరుగు ఇదే. బూట్లు ఇప్పేసి కూకున్నాను. అందరూ నా కాళ్లకేసే సూసినారు."

చర్చి లోపల ఎలా ఉంటుందని అడిగితే విసుక్కునేవాడు. "అరుగుండగా లోపలికెందుకు?"

మా అమ్మాయి సైబర్‌జయలో ఉద్యోగం చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. తాత ఆ కథ ఎత్తుకుంటే ఫోన్‌లోంచి తల ఎత్తేది కాదు.

పెదనాన్న పోయిన మరుసటి ఏడు స్నేహితులతో ఇటలీ వెళ్లి, నాకో ఫోటో పంపింది. మెట్ల నిండా జనం, అందరి కాళ్లకీ బూట్లున్నాయి. రాతి సింహం దగ్గర కూర్చున్న మా అమ్మాయి చెప్పులు మాత్రం విప్పి, పక్కన పెట్టి ఉన్నాయి.