రాజలింగన్న ముందే చెప్పిన లోపం

మొన్న శుక్రవారం పొద్దున, ఇక్కడ సౌదీలో, అల్ అజీజియాలో మా గది వెనకున్న ఖాళీ జాగాలో ఎవరో హాకీ బంతిని గోడకేసి కొడుతున్నారు. టక్కుమన్న ఆ చప్పుడు వినగానే నా ఎడమ చేయి దానంతట అదే భుజం మీదికి లేచింది. ఆ చేతిలో టీ గ్లాసు ఉందని గుర్తొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. తుడుచుకుంటూ ఒక్కణ్నే నవ్వుకున్నాను. రాజలింగన్న గుర్తొచ్చాడు.

ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలనే నితాఖాత్ చట్టం వచ్చి, విదేశీ పనివాళ్ల మీద తలకింత అని లెవీ పన్నులు పడి, క్యాంపుల్లో ఏ నోట విన్నా ఎరుపు కంపెనీ, పచ్చ కంపెనీ అనే మాటలే వినిపించిన రోజులవి. సౌదీలను సరిపడా పెట్టుకుంటే పచ్చ, లేకుంటే ఎరుపు. జుబైల్‌లో మా క్యాంపు హాకీ జట్టుకు రాజలింగన్న మేనేజరు. జగిత్యాల వైపు మనిషి, ఒక క్యాటరింగ్ కంపెనీలో స్టోర్‌కీపరు. ఆయనకు హాకీ కర్ర పట్టుకోవడం కూడా సరిగా రాదు. కానీ ఆటగాళ్ల కోసం బేరానికి కూర్చున్నాడంటే చూసి తీరాలి. అక్కడ ఒప్పందమంటే సంతకాలూ కాగితాలూ కాదు. ఏ ఫోర్‌మన్ ఎవరికి శుక్రవారం సెలవిస్తాడు, ఎవరిని ఏ కంపెనీలోకి తీసుకుంటారు, అదే ఒప్పందం. వేరే జట్టు మేనేజరొకాయన బల్ల గుద్ది లేచిపోయి, వెనక్కి పిలుస్తారేమోనని గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటూ కూర్చునేవాడు. ఇంకొకాయన అన్నిటికీ సరేననేవాడు, ఒక్కటీ చేసేవాడు కాదు. రాజలింగన్న మాత్రం తన ఆటగాడి లోపాన్ని తానే ముందు చెప్పేసేవాడు. పెళ్లిచూపుల్లో అబ్బాయికి గురక ఉందని చెప్పే పెద్దమనిషి ఎక్కడైనా ఉంటాడా అని నాకు ఒళ్లు మండేది.

"మనం చెప్పకపోతే రేపు వాళ్లే చూస్తరు తమ్మీ. అప్పుడు మనం చెప్పిన మంచి గూడ నమ్మరు" అనేవాడు.

ఆ ఏడు నా వంతు వచ్చింది. నేను పైప్ ఫిట్టర్ని, జట్టుకు గోల్‌కీపర్ని. మా కంపెనీలో సౌదీలు తక్కువై అది ఎరుపులో పడింది. అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, ఇఖామాలు, రెన్యూవల్ కావడం ఆగిపోయింది. నాది మూడు వారాల్లో అయిపోతుంది. ఎరుపు కంపెనీలో పనిచేసేవాళ్లు తమను తెచ్చుకున్న యజమానిని, కఫీల్‌ను, అడగకుండానే పచ్చ కంపెనీకి మారవచ్చు. కానీ తలకింత లెవీ కట్టి నన్ను తీసుకునేదెవరు? రఫీక్ సాబ్ ఒక్కడే కనిపించాడు. ఆయన పాకిస్తానీ, ఒక పచ్చ కంపెనీలో మనుషులను తీసుకునే అధికారి, ప్రతి ఏడూ మమ్మల్ని ఓడించే జట్టుకు మేనేజరు. ఆయనకు గోల్‌కీపర్ కావాలి.

"మరి మన జట్టు సంగతేందన్నా?" అన్నాను.

"ముందుగాల నీ ఇఖామా. గోలు ఎవడన్న కాస్తడు" అన్నాడు రాజలింగన్న.

రఫీక్ సాబ్ పద్ధతి వేరు. నోరు విప్పడు. టీలో చక్కెర కలుపుతూ ఎదుటివాడితోనే అంతా మాట్లాడిస్తాడు. రాజలింగన్న ఉర్దూలో మొదలుపెట్టాడు. మనిషి మంచివాడు, డ్యూటీ ఎగ్గొట్టడు. అయితే ఎడమవైపు పైకొచ్చే బంతిని ఆపలేడు. పైపుల డ్రాయింగ్ చదవడం రాదు, ఎవరైనా గుర్తులు పెట్టివ్వాలి.

నేను లేచి నిలబడి, "డ్రాయింగ్ వస్తది సాబ్" అనేశాను. రఫీక్ సాబ్ సొరుగులోంచి ఒక డ్రాయింగ్ తీసి నా ముందు పరిచాడు. ఈ లైను ఎటు పోతుందని వేలు పెట్టి అడిగాడు. పైకి అన్నాను. అది కిందికి దిగే లైను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

రఫీక్ సాబ్ నావైపు చూడలేదు. రాజలింగన్నను చూసి నవ్వాడు. "నువ్వు చెప్పిన చెడు నిజమే. మంచి కూడా నిజమే అయ్యుంటుంది" అన్నాడు.

అప్పుడు రాజలింగన్న అడిగింది ఒక్కటే. ఆటలో దెబ్బ తగిలితే నన్ను పనిలోంచి తీసేసి ఎగ్జిట్ మీద ఇంటికి పంపకూడదు, నయమయ్యేదాకా టూల్‌రూంలో కూర్చోబెట్టాలి. రఫీక్ సాబ్ చెంచా మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. రాజలింగన్న కూడా తన గ్లాసులో చెంచా వేసి తిప్పాడు. ఇద్దరి టీలూ చల్లారాయి. చివరికి రఫీక్ సాబ్ "మంజూర్" అని ఒప్పుకున్నాడు. ఇఖామా గడువు ఇంకా నాలుగు రోజులుందనగా నా పేరు పచ్చ కంపెనీలోకి మారింది.

ఆ రోజు తిరుగుదారిలో తిడతాడనుకున్నాను. "నిన్ను లోపలికి తీస్కపోవుడే నా తప్పు" అని పగలబడి నవ్వాడు.

కొత్త జట్టులో నా మొదటి ఆట పాత జట్టు మీదే. చివరి నిమిషాల్లో గీత అవతలి నుంచి రాజలింగన్న గొంతు చించుకుంటున్నాడు. "ఎడమ దిక్కు పైకి కొట్టుండ్రిరా!" కోపమూ ఉత్సాహమూ ఒక్కసారే పొంగాయి నాకు. నెల రోజులుగా డ్యూటీ దిగగానే ఆ ఒక్క బంతినే సాధన చేస్తున్న సంగతి ఆయనకు తెలియదు. బంతి సరిగ్గా అక్కడికే వచ్చింది. ఎడమ చేయి లేచింది. మేమే గెలిచాం.

ఓడిపోయిన మేనేజరు పరుగున వచ్చి నన్ను కావలించుకున్నాడు. "గా లోపం ఇగ చెప్పుడు కుదరదు. కొత్తది చూస్కో" అన్నాడు.

డ్రాయింగ్ చదవడం కూడా ఆ ఏడే నేర్చుకున్నాను. ఇప్పుడు ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనులకు మనుషులను ఎంపిక చేసే బల్ల దగ్గర నేనే కూర్చుంటున్నాను. వచ్చినవాణ్ని ముందు నీకేం రాదో చెప్పమంటాను. నిజం చెప్పినవాణ్ని పంపించేయడానికి నాకు మనసొప్పదు.

రాజలింగన్న ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. ఆ శుక్రవారం తడిసిన చొక్కాతోనే ఫోన్ చేశాను. బంతి చప్పుడుకు చేయి లేచి టీ మీద పోసుకున్నానని, ఇదే నా కొత్త లోపమని చెప్పాను.

"గిదొక్కటి ఎవ్వలకు చెప్పకు తమ్మీ. నాకోసం ఉంచు" అన్నాడు రాజలింగన్న.