తొంభై ఏడో స్థానం

మా డ్రిల్లు మాస్టారు గురువారం తెల్లవారుజామున అల్లూరులోని తన ఇంట్లో చనిపోయారు. వయసు డెబ్బై నాలుగు. ఆరుంపావుకు కాఫీ తీసుకెళ్లిన ఎదురింటి అక్క చూసి నాకు ఫోన్ చేసింది. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. హైస్కూల్లో నేను ఆయన దగ్గర ఫుట్‌బాల్ ఆడాను. ఆ జట్టును స్కూలు ఎత్తేసి ఇరవై ఏళ్లు దాటింది.

చివరి నాలుగేళ్లూ ఆయన టీవీలో ఒక జపాన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి వదలకుండా అభిమానిస్తూ వచ్చారు. పెద్ద పేరున్నవాడు కాదు, డిఫెండరు. తమ మీద గోల్ పడ్డప్పుడల్లా వలలోంచి బంతి తీసి, ఎవర్నీ ఏమీ అనకుండా మైదానం మధ్యకు తెచ్చి పెట్టేది అతనే. మాస్టారు మా చేత చేయించిందీ అదే.

అభిమానులు ఓట్లేసే ఒక వెబ్‌సైట్ ప్రతి సోమవారం వంద మంది ఆటగాళ్ల జాబితా ఇస్తుంది. వంద దాటినవాడి పేరు తీసేస్తారు, ఇక అతనికి ఓటు వేయడానికీ ఉండదు. మాస్టారు రోజూ ఓటేసేవారు. సోమవారం వచ్చిన స్థానాన్ని గేటు పక్కన తగిలించిన పలక మీద సుద్దతో రాసేవారు.

మా వైపు కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అంటారు. ఒకసారి పలక మీద 60 చూసి రొయ్యల గుంటలాయన ఒకరు బండి ఆపి, అరవై కౌంటు రేటెంత పలకతా ఉందని అడిగారట. మాస్టారు ఆయన్ని అరగంట నిలబెట్టి, ఆఫ్‌సైడ్ రూలుతో సహా ఆ ఆటగాడి గురించి అన్నీ చెప్పారు. ఆ తర్వాత ఆ అంకె గురించి అడిగినవాళ్లు లేరు.

మోకాలి దెబ్బతో ఆటగాడు బెంచీకి చేరాక స్థానం దిగజారింది. డెబ్బై, ఎనభై మూడు, తొంభై ఒకటి. నలుగురి ఫోన్లలో ఓట్లు వేయించమన్నాను.

"వాళ్లు అతని ఆట చూసినారా అబ్బయ్యా? చూడనోడి ఓటు నాకెందుకు?" అన్నారు.

నా సంగతి అడగలేదు. నేనూ చూడలేదు.

ఇంకోసారి ఆ స్థానాన్ని నేను పనిచేసే పేపరు జిల్లా పేజీలో వేయమన్నారు. అది వార్త కాదు సార్ అన్నాను. ఆయన వాదించలేదు.

"వార్త కాదులే. మనిషి ఇంకా ఉండాడని తెలస్తాది, అంతే."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వార్త కాదని నేను పక్కన పెట్టిన కాగితాలు చాలా ఉన్నాయి. వాటిలో గుర్తున్నవి తక్కువ. ఇది గుర్తుంది.

గురువారం నేను వెళ్లేసరికి పలక మీద 97 ఉంది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. హాల్లో కుర్చీ ఒకటే, టీవీకి ఎదురుగా.

శనివారం సాయంత్రం నాలుగింటికి చర్చి వెనక సమాధుల తోటలో ఆయన్ని సమాధి చేస్తారు. ఆదివారం ఉదయం పదిన్నరకు ఆ ఆటగాడి జట్టుకు మ్యాచ్ ఉంది. అతను ఆడేదీ లేనిదీ గంట ముందు చెబుతారు. ఆట చూసి ఓటేసేవాళ్లకు ఆ సాయంత్రం ఆరింటిదాకా టైముంది.