ఇట్లు, తమ విధేయుడు, కంప్యూటరు

ఒక పెద్దాఫీసరును, ఒక కొత్త కంప్యూటరును, నా ఉద్యోగాన్ని ఒకే పూటలో ముంచినంత పని చేసిన ఘనత నాది. ఎలా ముంచానో చెబుతాను గానీ, దయచేసి జాలిపడకండి. అది తప్పని అందరూ అన్నారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

డెబ్బైల చివరి మాట. ఇప్పుడు గాజుమేడలు నిలబడ్డ గచ్చిబౌలి దారిలో అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య మా ఆఫీసు. తెనాలి నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కిరాయి గదిలో ఉంటున్న నాకు ఇంజనీరుగా ఆరునెలల తాత్కాలిక ఉద్యోగం. ఆ ఆరు నెలలూ ఆ వారంతో సరి. కొత్త కంప్యూటరును పెద్దాఫీసరు చూసి సంతకం పెడితే నా కొలువు ఖాయం. పెట్టకపోతే నేను తెనాలి రైలెక్కాలి.

యంత్రంలోకి సిస్టం ఎక్కించడానికి నలభై అంచెల ఆదేశాల వరుస ఒకటి ఉండేది. ఇప్పటి పిల్లలు అలాంటిదాన్ని షెల్ స్క్రిప్టు అంటారు. మాకది కాగితపు టేపు మీద చిల్లులు. అది మహా మౌని. మొదలెడితే ముప్పావుగంట నోరు విప్పదు. మా ఆపరేటరు నర్సింలు, పుప్పాలగూడ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఒకసారి అది ఆగిపోయిందనుకుని సగంలో స్విచ్చి కట్టేశాడు.

"మరేం చెయ్యాలె సారూ? ఉలుకు లేదు, పలుకు లేదు. సచ్చిందో బతికిందో ఎట్ల ఎరుకైతది?"

"దానికి మాటలు నేర్పుతాను, చూడు."

"జర ఎక్కువనే నేర్పుండ్రి. తక్కువైతే నాకు సమజ్ కాదు."

అసలే నేను ఉత్సాహవంతుణ్ణి. పైగా మా నాన్నగారు తాలూకాఫీసులో హెడ్‌గుమాస్తా. పైవాళ్లకు ఏది చెప్పినా అర్జీ రూపంలోనే చెప్పాలన్నది ఆయన సిద్ధాంతం. పండక్కి చొక్కా కావాలన్నా నేను కాగితం మీద 'అయ్యా' అని మొదలెట్టాల్సిందే. అలా పెరిగినవాడు కంప్యూటరు చేత "మూడో అంచె అయింది" అని మొరటుగా అనిపిస్తాడా? కంప్యూటరు మాటల్ని కాగితం మీద కొట్టే టెలిటైపుకు ఇంగ్లీషు పెద్దక్షరాలే వచ్చు కనుక ఇంగ్లీషులో రాశాను. దాని తెలుగు ఇది:

"మహారాజశ్రీ అయ్యగారి దివ్యసముఖమునకు. మూడవ అంచె ప్రారంభించుటకు తమ అనుజ్ఞ కోరుచున్నాను. డిస్కు తలుపు మూసియున్నదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను. లోపములున్న మన్నించ ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు, కంప్యూటరు."

ప్రతి అంచెకూ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. జవాబు కోసం ఆగదు గానీ, అర్జీ పూర్తిగా కొట్టందే పని మొదలెట్టదు. మొత్తం ఎనభై అర్జీలు. కాగితం దండగని రెండంచెలు మాత్రం పరీక్షించి మురిసిపోయాను. టెలిటైపు సెకనుకు పది అక్షరాలే కొడుతుందని నాకు తెలియక కాదు. ఆ సంతోషంలో గుర్తుకు రాలేదు, అంతే.

ఆ రోజుల్లో మా వైపు పన్నెండు కొట్టగానే కరెంటు తీసేసేవాళ్లు. సగంలో పోతే పని మళ్లీ మొదటికి. పదిన్నరకు మొదలెడితే పదకొండుంపావుకు అయిపోవాలి కదా, బోలెడు వ్యవధి అనుకున్నాం.

తనిఖీ రోజున పెద్దాఫీసరు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా అర్జీలు చదివిన మనిషి. టెలిటైపు టకటకమంటూ మొదటి అర్జీ కొట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు.

"వారెవ్వా! మస్తు తమీజ్, మర్యాద ఉన్న మిషినయ్యా ఇది!"

"నేనే దగ్గరుండి రాయించానండి" అన్నారు మా ఇన్‌చార్జి రంగనాయకులు గారు.

పదకొండయింది. పదమూడు అంచెలే అయ్యాయి. రంగనాయకులు గారు నా చెవి దగ్గరికొచ్చారు.

"ఏవయ్యా, దీని వినయం ఎప్పటికి పూర్తవుద్ది?"

"ఇంకా యాభై నాలుగు అర్జీలున్నాయండి."

"ఆపించు!"

"ఆపితే మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాలండి."

"ఎవడు రాయమన్నాడయ్యా నిన్ను?"

"మీరే దగ్గరుండి రాయించారు కదండీ."

పదకొండున్నరకు నర్సింలు కాగితాన్ని రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డాడు. "సారూ, కాయితం నడుము దాక వచ్చింది. ఇగ నేను కనవడను" అన్నాడు. పెద్దాఫీసరు గోడ గడియారం వైపు చూడసాగారు, గడియారం నా వైపు చూడసాగింది. పన్నెండుకు నిమిషం తక్కువలో ముప్పై తొమ్మిదో అంచె ముగిసింది. మిగిలింది ఒక్కటే, అదీ అరనిమిషం పని. కానీ నా యంత్రం మర్యాద గలది, అడక్కుండా పనిలో చెయ్యి పెట్టదు. "చివరిదగు నలభయ్యవ అంచె ప్రారంభించుటకు తమ అనుజ్ఞ కోరుచున్నాను" అంటూ మొదలెట్టి, మన్నింపులన్నీ అయ్యాక, "ఇట్లు, తమ విధే" దాకా వచ్చింది.

కరెంటు పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందేమో గానీ, కరెంటు ఆగదు.

పెద్దాఫీసరు లేచి, "రేపొక్కపారి వస్త. ఆఖరుసారి" అని వెళ్లిపోయారు. రంగనాయకులు గారు నా మీద విరుచుకుపడ్డారు.

"ఆ టేపు చింపెయ్! ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు. రేపు పాత మూగదాన్నే పెడతాను."

"తప్పు మాటలది కాదండీ, కరెంటుది."

"రేపు సంతకం పడకపోతే పరుపు చుట్టుకో!"

నాకు ఒళ్లు మండింది. టేపు చింపలేదు, చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి మూగ టేపు పెట్టారు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ముప్పావుగంట గడిచింది. పది దాటింది.

"నడుస్తున్నదా?" అన్నారు పెద్దాఫీసరు.

"నడుస్తోందండి" అన్నారు రంగనాయకులు గారు.

"ఏడిదాక వచ్చింది?"

"దగ్గరికొచ్చేసిందండి."

"దేని దగ్గరికి?"

రంగనాయకులు గారు ఫైలు తిరగేయడం మొదలెట్టారు. నర్సింలు చెయ్యి మెల్లగా స్విచ్చి వైపు పోతోంది. పెద్దాఫీసరు కుర్చీ చేతి మీద గట్టిగా చరిచారు.

"నిన్నటోన్ని పెట్టుండ్రయ్యా! ఆలస్యంగనైనా సంగతి చెప్పిండు."

నా సంచిలోంచి టేపు బయటికొచ్చింది. రంగనాయకులు గారి చూపుకు నేను అక్కడే మాడిపోవాల్సింది, మాడలేదు. పదింపావుకు మొదలైంది. మూడో అంచె దగ్గర టెలిటైపు ఇలా కొట్టింది: "డిస్కు తలుపు తెరిచియున్నదని మిక్కిలి విచారముతో మనవి చేసుకొనుచున్నాను."

అందరం నర్సింలు వైపు తిరిగాం.

"తుడిసినంక మూసుడు మర్సిన సారూ" అని అతను తలుపు మూశాడు. పొద్దున్నుంచి గంటకు పైగా యంత్రం ఆ తలుపు కోసమే నోరుమూసుకుని ఎదురుచూస్తోందన్నమాట!

పన్నెండుకు పది నిమిషాలుండగా ఎనభయ్యో అర్జీ, 'విధేయుడు' అన్న మాటతో సహా, పూర్తిగా అచ్చయింది. రంగనాయకులు గారు ఫైలు అందించారు. పెద్దాఫీసరు దాన్ని పట్టించుకోలేదు. టెలిటైపు కాగితం చివరి ముక్క చింపి, అలవాటుగా అంచున ఏటవాలుగా రాశారు: "అర్జీ మంజూరు. అర్జీదారును ఖాయము చేయవలెను."

నేను ముందుకు ఉరికాను. "అయ్యా, అర్జీదారంటే కంప్యూటరండీ! రాసింది నేను!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మరో ముక్క చేర్చారు: "వ్రాసిన గుమాస్తాతో సహా."

అలా నా ఉద్యోగం ఖాయమైంది, కంప్యూటరు తర్వాత. రిటైరయ్యేదాకా నా సర్వీసు పుస్తకం మొదటి పేజీలో నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. మా నాన్నగారు మాత్రం ఎంత సంతోషించారో!

ఇక ప్రమాణం. పాఠక మహాశయుల దివ్యసముఖమునకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, ఇకమీదట మర్యాదను పనికి ముందు పెట్టనని, పెట్టినా పన్నెండులోపు ముగించెదనని ప్రమాణము చేయుచున్నాను. తప్పు నాది కాదని, కరెంటుదని మరొక్కసారి విన్నవించుకొనుచున్నాను. లోపములున్న మన్నించ ప్రార్థన. ఇట్లు, తమ విధే