తళతళ తాతయ్య, వణుకుడు బండి

తాతయ్యకు మురికి అంటే పగ. మనిషి మీద కోపం వస్తే పూటలో చల్లారిపోతుంది గానీ, బండి మీద మరక కనిపిస్తే మాత్రం అన్నం సహించదు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని తళతళ అంటారు. ఎదురుగా అనరు. అన్నా ఆయనకది బిరుదులాగే వినిపిస్తుంది. ఆయన పికప్ బానెట్‌లో చూసుకుని పక్కింటాయన గడ్డం గీసుకున్నాడని ఒక కథ ఉంది. ఆ కథ పుట్టించింది కూడా తాతయ్యే.

ఆ పికప్‌లో వెళ్లేవి గుడ్లు. పెరట్లో నానమ్మకు కోళ్ల షెడ్డు ఉంది. వారం వారం గుడ్ల ట్రేలు ఎక్కించుకుని ఇద్దరూ హైవే మీదుగా బేకరీకి వెళ్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడకు కోళ్లు, ఆయనకు రేడియో. ఇద్దరూ నోరారా మాట్లాడుకునేది ఆ దారిలోనే. కోడళ్ల సంగతులు, మోకాళ్ల సంగతులు, పెళ్లికి ముందు ఎవరు ఎవరి వంక ముందు చూశారన్న పాత తగువు, అన్నీ ఆ రెండు సీట్ల మధ్యే తేలాలి. తేలవు. పై వారానికి వాయిదా పడతాయి.

ఇంత హాయిగా సాగుతున్న సంసారంలోకి పెద్ద టైర్లు దొర్లుకుంటూ వచ్చాయి. తాతయ్య పొట్టి. ఒకరోజు సిగ్నల్ దగ్గర పాల వ్యాను డ్రైవరు పైనుంచి తొంగి చూసి, "పెద్దాయనా, రోడ్డు కనపడుతోందా, లేక నన్ను చూసి చెప్పమంటావా?" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడే తాతయ్య బావమరిది షాపుకు వెళ్లి, బండికి పట్టేవాటన్నిట్లోకీ పెద్ద టైర్లు వేయించుకొచ్చాడు. ఏనుగు పాదాల్లా ఉన్నాయవి. ఇప్పుడాయన పాల వ్యాను వాడి కళ్లలోకి సూటిగా చూడగలడు. కాకపోతే సింహాసనం ఎక్కడానికి స్టూలు కావాలి. నానమ్మకూ అదే స్టూలు.

నాలుగు రోజులు మురిసిపోయే లోపే వణుకు బయటపడింది. వీధుల్లో కుదురుగా నడిచే బండి, హైవే ఎక్కి స్పీడు ఎనభైకి చేరగానే చలిజ్వరం పట్టినట్టు ఊగిపోయేది. తాతయ్య "ఏం కాదులే" అనబోతే "ఏం-కా-కా-కాదు" అని కాకిలా వినిపించేది. వెనక ట్రేలలో గుడ్లు ఒకదాన్నొకటి ఢీకొని చితికిపోయేవి. బేకరీ ఆవిడ పై ట్రే ఎత్తి చూసి, "గిలక్కొట్టి మరీ తెచ్చారా? నాకు పని తప్పింది" అంది.

నానమ్మ ఆ దారంతా మాట్లాడలేదు. ఇంటి ముందు స్టూలు మీద కాలు పెట్టి దిగుతూ, "ఇంకొక్క వారం చూస్తాను. అప్పటికీ గుడ్లు పగిలితే పాల వ్యానులో వెళ్తా. ఆ అబ్బాయి ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు" అంది.

గుడ్లు పోతే కోళ్లు మళ్లీ పెడతాయి. పక్క సీటు ఖాళీ అయితే తాతయ్య తగువు ఎవరితో పడాలి? అందులోనూ ఆవిడ పోయి కూర్చునేది ఆ పాల వ్యాను వాడి పక్కన.

పరుగున బావమరిది దగ్గరికి వెళ్లాడు. నానమ్మ తమ్ముడు ఆయన, టైర్ల పనిలో తల నెరిసినవాడు. చక్రాలు విప్పి, మిషన్‌కు తగిలించి తిప్పి, లోపలివైపు చేయాల్సిందేదో చేశాడు. తాతయ్య ఆ సమయంలో పేపరు చాటున, పాల వ్యాను వాడిని ఏ మాటతో పడగొట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

ఇంటికి రాగానే అలవాటు ప్రకారం బండి కడగడానికి కూర్చున్నాడు. చక్రం లోపలికి చెయ్యి పెడితే బూడిదరంగు బిళ్లలు తగిలాయి. "చూశావా, నీ తమ్ముడి షాపులో కుర్రాళ్లు ఏవేవో అంటించి పంపారు. శుభ్రతనేదే లేదు" అని గొణుక్కుంటూ, పాత చాకుతో ఒక్కొక్కటే గీకి పారేశాడు. పారేసిన వస్తువును పారేసినచోటే వదిలే మనిషి కాదు నానమ్మ. ఏరుకుని లోపలికి పట్టుకెళ్లింది.

ఆ వారం హైవే మీద బండి మళ్లీ ఊగింది. మళ్లీ గుడ్లు చితికాయి.

తాతయ్య షాపుకు వెళ్లి గొంతు చించుకున్నాడు. "బావమరిది బతక కోరతాడంటారు. నువ్వేమో నన్ను వణికించి చంపేట్టున్నావు."

"మిషన్ మీద వణుకు సున్నా అని చూపించింది బావా. నా పనిలో తేడా లేదు" అన్నాడాయన. అయినా మళ్లీ చేశాడు. తాతయ్య మళ్లీ కడిగాడు, మళ్లీ గీకాడు. ఆవిడ మళ్లీ ఏరింది.

బేకరీ రోజుకు ముందురోజు బావమరిది మాట పోయిందన్న బాధతో తనే ఇంటికి వచ్చాడు. నానమ్మ బావాబావమరుదులిద్దరికీ కాఫీ ఇచ్చింది. బావమరిది తాగుతూ గుమ్మం వైపు చూశాడు.

"అక్కా, ఫ్యాను ఇంత జోరుగా తిరుగుతుంటే ఆ కర్టెన్ కదలదేంటి?"

"ఇదివరకు ఎగిరెగిరి మొహానికి కొట్టేది. ఇప్పుడు అంచులో బరువులు కుట్టాను" అంది నానమ్మ గర్వంగా.

ఆయన వెళ్లి కర్టెన్ అంచు తడిమాడు. వేళ్లకు వెంటనే తెలిసిపోయింది. కాఫీ సగం సాసర్లోకి ఒలికేంతగా నవ్వాడు.

"ఇవెక్కడివి బావా?"

"నీ కుర్రాళ్ల నిర్వాకమే. చక్రాల్లో అంటిస్తే గీకేశా."

"కుర్రాళ్లు కాదు, నేనే అంటించాను. అది సీసం బావా. ఇంత పెద్ద టైరు అంతటా ఒకే బరువు ఉండదు. తేలికగా ఉన్న చోట ఈ బిళ్ల వేస్తేనే ఊగకుండా తిరిగేది. నేను అంటించడం, నువ్వు గీకడం, మా అక్క కుట్టడం. ఈ ఇంట్లో కుదురుగా ఉన్నది కర్టెన్ ఒక్కటే."

తాతయ్య నానమ్మ వంక చూశాడు. నానమ్మ పైకి, ఫ్యాను వంక చూసింది.

"ఏరుకున్నప్పుడు ఇవేంటని అడగొచ్చుగా" అన్నాడు తాతయ్య.

"గీకేటప్పుడు మీరడిగారా?" అంది నానమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "బరువుగా, నున్నగా బాగున్నాయి కదా అని" అంది.

ఆ సాయంత్రం షాపులో తాతయ్య పేపరు ముట్టలేదు. బావమరిది టైరును రిమ్ము మీద కాస్త తిప్పి, బరువు తేడా తక్కువయ్యేలా కూర్చోబెట్టాడు. చక్రం బండికి ఆనే చోట తుప్పు రుద్దాడు. "ఇది తళతళలాడాలి బావా, నీకు తెలిసిన పనే" అంటూ గుడ్డ తాతయ్య చేతికే ఇచ్చాడు. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాడు. కొత్త బిళ్లలు అంటించాడు.

"పాతవే వాడొచ్చుగా" అన్నాడు తాతయ్య.

"అవిప్పుడు అక్క కర్టెన్‌వి. ముట్టుకుంటే నాకు మళ్లీ కాఫీ పుట్టదు."

తెల్లవారేసరికి గేటు ముందు పాల వ్యాను హారన్ మోగింది. కిందటి వారం గుడ్లు చితికినప్పుడే నానమ్మ కబురు పెట్టి ఉంచిందట. బండి తుడుస్తున్న తాతయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది. నానమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గేటు దాకా వెళ్లింది. "బాబూ, ఈ పూటకి మా బండిలోనే వెళ్తాం. మా వెనకే రాకు, మేం స్పీడుగా పోతాం" అని చెప్పి వచ్చి, స్టూలు వేసుకుని ఎక్కింది.

హైవే మీద తాతయ్య స్పీడు చూడ్డానికే భయపడ్డాడు. నానమ్మ ఒక ట్రేని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. చెట్లు జోరుగా వెనక్కి పోతున్నాయి. కొంతసేపటికి ఆవిడ చేతులు వదులయ్యాయి.

"ఇంకా ఎనభై రాలేదా?"

"దాటి చాలాసేపయింది."

నానమ్మ ట్రేలోకి తొంగి చూసింది. గుడ్లు పడుకున్న పిల్లల్లా ఉన్నాయి. ఆవిడ వెనక్కి వాలి, "నన్ను ముందు చూసింది మీరే" అంది.

"నువ్వే" అన్నాడు తాతయ్య. గొంతు ఎక్కడా వణకలేదు.

ఇంటికొచ్చి బండి కడిగేటప్పుడు చక్రం లోపల బిళ్లల మీద దుమ్ము కనిపించింది. తాతయ్య వేళ్లు తహతహలాడాయి. గుమ్మంలోంచి నానమ్మ, "అక్కడ మురికుందండోయ్" అంది.

"ఉండనీ" అన్నాడు తాతయ్య, జీవితంలో మొదటిసారి.