షుండె నుంచి వచ్చిన మోటారు

మిరపకాయలు ఎండి గలగలలాడే రోజుల్లోనే కొంటాలో మా చెల్లెలి కారం మర మోటారు కాలిపోయింది. జనం సంచులెత్తుకుని శబరి నది అవతలి మరకు పోసాగారు. ఒకసారి అక్కడ అలవాటుపడితే మళ్లీ రారని చెల్లెలి దిగులు.

భద్రాచలం దుకాణం నుంచి వ్యానులో కొత్త మోటారు వచ్చింది. అది చైనాలో ఫోషాన్ నగరంలోని ఒక పేటలో తయారైంది. ఆ పేట పేరు ఇంగ్లీషులో పెట్టె మీద షుండె అనీ, మోటారుకు కొట్టిన రేకు మీద షున్‌టక్ అనీ ఉంది. చెల్లెలు అడ్డం తిరిగింది.

“రెండూళ్లు కలిసి ఒక్క మోటారు చేసినయా? డూప్లికేటిది. వాపస్ తీస్కపో.”

ఏ సామాను కొన్నా దాని పెట్టె మీద తేదీ వేసి అటక మీద పెట్టడం నా అలవాటు. అక్కడిదే అయిన మా మిక్సీ పెట్టె దించి చూశాను. దాని మీద షుంటె. మూడింటి మీదా పిన్‌కోడ్ అంకెలు మాత్రం ఒకటే.

“ఊరొకటేనే. మనూరి పేరు బస్సు మీద ఒక తీరు, దుకాణం మీద ఒక తీరు రాయట్లేదా?”

“మన బస్సు యాడ ఆగుతదో నాకెరికక్కా. ఆ ఊరు నువ్వు చూసొచ్చినవా?”

వ్యాను డ్రైవరు విసుక్కున్నాడు. “ఏందమ్మా, ఉంచుకుంటరా, లేదా? తీగ తగిలిచ్చినంక మాత్రం వాపస్ లేదు.”

మర బాగుచేసినప్పుడల్లా మొదటి వాయి మా ఇంటి బియ్యమే పడతాం. లోపలి పాత కారమంతా ఆ పిండికి అంటుకుని వచ్చేస్తుంది. ఆ ఎర్రపిండితో రొట్టెలు కాల్చి అక్కడున్నవాళ్లకు పెడతాం. ఆ ఒక్క వాయికి ఆగమని, మోటారు వేడెక్కితే తీసుకుపొమ్మని డ్రైవరును అడిగాను.

“రొట్టెల్లకు ఏముంది?”

“టమాట పచ్చడి.”

“అయితే కానీయండి,” అని గడప మీద కూర్చున్నాడు.

మోటారు బిగించాక బియ్యం పడుతున్నంతసేపూ చెల్లెలు జ్వరం చూస్తున్నట్టు మోటారు మీద చెయ్యి తీయలేదు. వాయి అయ్యాక ఆ చేతిని నా చెంపకు ఆనించింది. చల్లగానే ఉంది.

“షుండె అయితేంది, షున్‌టక్ అయితేంది. ఉండనీ.”

అప్పుడే ఒక రైతు భార్య సంచితో రేవుకేసి పోతోంది. చెల్లెలు వీధిలోకి పరుగెత్తింది.

“వదినా, యాడికి? మర నడుస్తాంది, రా.”

ఆమె సంచి దించి ఊపిరి పీల్చుకుంది. “మెత్తగ పట్టు తల్లీ. మొన్న అవతల పట్టిచ్చిన కారం ఇసక లెక్కుంది.”

చెల్లెలు సంచి మూతి అప్పటికే విప్పుతోంది.