తాడు దాటని మేక

మా ఐసు డబ్బాను ఊరి పొలిమేరలోనే ఆపేశారు.

కొత్తగూడ దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. కల్వర్టు దగ్గర రోడ్డుకు అడ్డంగా, చింతచెట్టు నుంచి కరెంటు స్తంభం దాకా తాడు కట్టి ఉంది. తాడు పొడుగునా వేపకొమ్మలు, నడుమ పసుపు బట్టలో కట్టిన చిన్న మూట వేలాడుతోంది. తాడుకు అవతల ఊరి మగవాళ్లు కొందరు కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

"ఊరు కట్టినం అక్కా," అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఆ ఊళ్లో అందరికంటే పెద్ద మంద ఆయనదే. "ఇయ్యాల లోపటోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపటికి రావద్దు. రేపు రాండ్రి."

"రేపటిదాంక ఐసు ఉంటదా అన్నా?"

"గది మాకేం తెలుస్తది?"

నాది బచ్చన్నపేట దిక్కు. వాన కోసం చూసీ చూసీ మా వాళ్లందరికీ కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఆ రోజు నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ తాడును తెంపి జీపు లోపలికి పోనిమ్మని చెప్పడానికి నోటిదాకా మాట వచ్చింది. జీపు నడిపేది, సూదులు వేసేది ఒకడే, మా పశువైద్య సహాయకుడు. అతను నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

మా సంస్థ చేసే పని చాలా చిన్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఏ ఆధారమూ లేని ఆడవాళ్లకు రెండేసి మేకలు ఇస్తాం. పైసలు తిరిగి కట్టనవసరం లేదు. మేక ఈనినప్పుడు పుట్టిన మొదటి ఆడపిల్లను మాత్రం ఇంకో పేదింటికి ఇవ్వాలి. అంతే మా షరతు. చెప్పడానికి ఇంత సులువు. కానీ మేక బతికి ఉంటేనే కదా ఏదైనా!

పక్క ఊళ్లో అప్పటికే పారుడు రోగం వచ్చింది. జీవాలకు జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆ తర్వాత విరేచనాలు. మందలో ఒకదానికి వచ్చిందంటే మిగతావాటికి అంటుకోవడం ఖాయం. పశువుల దవాఖానలో బతిమాలి టీకా మందు తెచ్చుకున్నాం. అది చల్లగా ఉన్నంతసేపే పనికొస్తుంది. ఎండేమో నెత్తిన నిప్పులు కురిపిస్తోంది.

తాడు అవతల జనం వెనక ఆమె కనిపించింది. మా మేకలు తీసుకున్న మనిషి. భర్త పోయాక ఏటా చలికాలం రాగానే బిడ్డను వెంటపెట్టుకుని ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోయేది. పోయినప్పుడల్లా ఆ పిల్ల బడి ఆగిపోయేది. మేకలు వచ్చాకే ఆమె ఊళ్లో నిలదొక్కుకుంది, పిల్ల ఆరో తరగతికి వచ్చింది. పెద్ద మేక ఇప్పుడు సూడిది, రేపో మాపో ఈనేలా ఉంది. మేకలు పోతే మళ్లీ మిరప చేలే గతి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దూరం నుంచే ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

ఇంతలో తాడు కట్టిన ముసలవ్వ వచ్చింది. నుదుటి నిండా పసుపు, చేతిలో వేపమండ. ఆ ఊళ్లో పోచమ్మకు సంబంధించిన ఏ పనైనా ఆమె చేతుల మీదుగానే జరగాలి.

"ఏంది బిడ్డా, గంత లొల్లి?" అంది.

"అవ్వా, నీ తాడు నేను ముట్ట. మరి జీవాలనన్న బయటికి పంపుతవా?"

"పంపకపోతే ఎట్ల? మధ్యాహ్నం జీవాలన్నిటిని తాడు కింద నుంచి తోలుతం. గా బండ చుట్టు తిరిగి మళ్ల లోపటికొస్తయ్. రోగం గీడనే రాలిపోతది."

బండ వైపు చూశాను. తాడుకు ఇవతల, మేం నిలబడిన చోటికి పది అడుగులు కూడా ఉండదు.

"అయితే మేం గా బండ కాన్నే నిలబడ్తం. వచ్చిన జీవానికి వచ్చినట్టు సూది ఏస్తం. మేం లోపటికి రాము, మీరు బయటికి రావద్దు. నీ తాడు పని అది చేస్తది, మా సూది పని అది చేస్తది."

పెద్ద మంద ఆయన నసిగాడు. దేవత పనిలో సూదులేంటని గొణిగాడు. ముసలవ్వ నన్ను ఎగాదిగా చూసి, బోసినోటితో నవ్వింది.

"సూది ఏస్తే పోచమ్మకు నొస్తదా ఏంది? కానియ్యుండ్రి. గని మధ్యాహ్నం దాంక ఆగాలె."

ఆగాం. చింతచెట్టు నీడ ఎటు జరిగితే ఐసు డబ్బాను అటు జరుపుతూ, తడిగోనె కప్పుతూ, మూత తెరిచి చూడాలని ఉన్నా తెరవకుండా కూర్చున్నాం. నాకు ప్రాణం ప్రాణంలో లేదు. లోపల డప్పు మోగుతోంది. ఒక్కో దెబ్బకూ ఐసు ఇంకొంచెం కరిగినట్టే అనిపించింది.

ఎట్టకేలకు జీవాలు కదిలాయి. మా సహాయకుడు అప్పుడే మందు కలిపాడు. కలిపాక ఇక ఆలస్యం చేయడానికి లేదు. తాడు కింద నుంచి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. నేను చెవి పట్టి ఆపడం, అతను తోలు కింద సూది వేయడం, ముసలవ్వ చల్లిన పసుపు నీళ్ల తడితో అది బండ చుట్టూ తిరిగి లోపలికి ఉరకడం. పెద్ద మంద ఆయన తన జీవాలను వరుసలో పెట్టి తోలుతూ, "గట్టిగ పట్టు అక్కా, అది పోట్ల మేక" అని నాకే నేర్పడం మొదలుపెట్టాడు. చాలాసేపటి తర్వాత నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు చూశాను ఆమెను. వరుసలో ఉంది. రెండు మేకలనూ మెడతాళ్లతో పట్టుకుంది. సూడి మేక తల వాల్చింది. ఆమె కొంగుతో దాని ముక్కు తుడిచింది. నాలుగడుగులు వేసి మళ్లీ తుడిచింది.

మా సహాయకుడూ చూశాడు. "అక్కా, అది వరుసల ఉండొద్దు. అన్నిటికి అంటిస్తది," అన్నాడు నా చెవిలో.

ఆ మాట నేను పైకి అనాలి. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఏ జీవమైనా తాడు దాటకుండా ఊళ్లో మిగిలిందంటే రోగం దాన్ని పట్టుకుని ఊళ్లోనే ఉండిపోతుందని వాళ్ల నమ్మకం. రేపు ఎవరి మేక చచ్చినా ఆమె గుమ్మం ముందుకే వస్తారు. అనకపోతే మంద మందే పోతుంది.

ఆమె నా ముఖం చూసింది. కొంగు వదిలేసింది. వరుసలోంచి పక్కకు జరిగి, అందరికీ వినపడేలా అంది.

"నా మేకకు ముక్కు కారుతాంది. ఇది రాదు. మీయి కానియ్యుండ్రి."

డప్పు ఆగిపోయింది. పెద్ద మంద ఆయన కర్ర నేలకేసి కొట్టాడు.

"రాదంటే ఎట్ల? ఊరు కట్టిందెందుకు మరి? ఒక్కటి దాటకున్నా ఊరికే ముప్పు. తోలు ముందు!"

"తోల్త. నీ మేకల నడుమకే తోల్త. తర్వాత నన్నేమనొద్దు."

ఆయన తన మేకలను వెనక్కి జరుపుకున్నాడు. కానీ వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. ఎవరో ఆ మేక తాడు గుంజబోయారు. ఆమె మేక మెడను రెండు చేతులతో వాటేసుకుని కింద కూర్చుండిపోయింది. నేను తాడు దాకా ఉరికి, అక్కడే ఆగిపోయాను. దాటితే పని మొత్తం చెడుతుంది.

ముసలవ్వ అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"పోయినపారి ఊరు కట్టిననాడు బర్రె ఈని పండుకుంటే తాడు దాంక ఈడ్చుకొస్తిరా? తాడే ఇంటికి పాయె గదా! మరిచిండ్రా?" అని గద్దించింది. కట్టిన తాడు నుంచి ఒక వేపకొమ్మను తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీ దొడ్డి వాకిట్ల కట్టు. దాని కింద నుంచి తోలు. దాటినట్టే లెక్క. పో బిడ్డా, దాన్ని వేరే కట్టేయ్."

మేకను గుంజబోయినవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె సూడి మేకతో వెనక్కి నడిచింది. చిన్న మేకను మాత్రం పెద్ద మంద ఆయనే, ఎవరూ అడగకుండానే, తాడు కిందికి తోలాడు. దానికి సూది వేశాం.

సూడి మేక దక్కలేదు. కడుపులో పిల్లలతోనే పోయింది. ఊళ్లో అక్కడక్కడ ఒకటీ అరా పోయినా మందలు నిలిచాయి.

ఆమెకు ఇంకో మేక ఇవ్వాలని ఆఫీసులో అడిగాను. ఒకసారి ఇచ్చిన ఇంటికి మళ్లీ ఇవ్వరని నాకు తెలుసు, అయినా కొట్లాడాను. కుదరలేదు. ఏ ముఖంతో పోవాలో తెలియక కొన్నాళ్లు ఆ ఊరి వైపే పోలేదు. చివరికి పోయిన రోజు ఆమె వాకిట్లో చాట పట్టుకుని వడ్లు చెరుగుతోంది. ఎండిన వేపకొమ్మ ఇంకా దొడ్డి వాకిలికి వేలాడుతోంది.

"మిర్చికి పోతున్నవా?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"చూడాలె అక్కా. మేస్త్రి రమ్మంటాండు," అంది. కళ్లలో నీళ్లు లేవు. అది చూసే నాకు భయం వేసింది.

అప్పుడే పెద్ద మంద ఆయన వచ్చాడు, సూడి మేకను ఒకదాన్ని లాక్కుంటూ. పలకరింపూ లేదు, ఏమీ లేదు. తిన్నగా దొడ్డికి పోయి, ఖాళీ గుంజకు కట్టేశాడు.

"ఊకె ఇస్తలేను," అన్నాడు నా వైపు తిరిగి, తప్పు చేస్తూ దొరికినవాడిలా. "మొదటి ఆడపిల్ల నాది. మీ కాడ గదే లెక్క గదా?"

ఆమె చాట కింద పెట్టింది. లేచి వెళ్లి గుంజను పట్టుకుంది. మేక పోయిన రోజు కూడా ఏడవలేదని ఊళ్లో చెప్పుకున్న మనిషి, అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఆయన ఎటు చూడాలో తెలియక కాసేపు తలగోక్కున్నాడు.

"ఇగ చాలు తియ్యి చెల్లె," అన్నాడు. "ముక్కు తుడుచుకో. ఊరోళ్లు చూస్తే నీక్కూడ తాడు కడ్తరు."