సీట్లు నిండిపోయాయని చెప్పాను

ఏలూరులో మా కాలేజీని ముప్పయ్యేళ్లు నేనే నడిపాను. ప్రిన్సిపాళ్లు వచ్చారు, పోయారు. నేను తలుపు తియ్యందే ఒక్క క్లాసూ మొదలయ్యేది కాదు. కొల్లేటి మధ్య లంకలో ఉన్న మా చెల్లెలి ఊరికి వెళ్లినప్పుడల్లా, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుని ఇదే చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. తాళాలగుత్తి నా దగ్గరే ఉండేది. నేను అటెండర్ని. ఆ చివరి ముక్క మాత్రం అక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

గవర్నమెంటువాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు, మా చెల్లెలి మనవరాలు డిగ్రీలో చేరింది. చెరువు కాపలా పని పోయి వాళ్ల నాన్న ఖాళీగా ఉన్నాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాళ్లు అంతకుముందు లేరు.

"నువ్వున్నావన్న ధైర్యంతోనే పంపుతున్నాం అన్నయ్యా" అంది మా చెల్లెలు.

"నేనుండగా నీకెందుకే బెంగ?" అన్నాను.

పిల్ల చేరింది మా కాలేజీలో కాదు, ఊరికి అటు చివరున్న ఆడపిల్లల కాలేజీలో. హాస్టల్లో ఉండేది. ఇంటర్ దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషులో ఫిజిక్సు వినాల్సొచ్చింది. దసరాకి ముందు మా ఇంటికొచ్చింది.

"తాతయ్యా, ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదండి. మీ కాలేజీలో సాయంత్రంపూట పల్లెటూరి పిల్లలకి తెలుగులో విడమరిచి చెబుతున్నారంట కదా. ఏ కాలేజీవాళ్లైనా రావచ్చంట. నేనూ రానాండి?"

నిజమే. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే లెక్చరరుగారొకాయన, సాయంత్రం బండి వదులుకుని మరీ చెప్పేవారు. ఆ గదిలో బెంచీలు సర్ది, బోర్డు తుడిచి, ఆయనకి టీ తెచ్చేది నేనే. "ఏవోయ్, సుద్దముక్కలేవీ?" అని ఆయన కేకేస్తే పరిగెత్తేదీ నేనే. అది పిల్ల కళ్లబడుతుంది. ఆ మాట లంకకి చేరుతుంది.

"సీట్లు నిండిపోయాయమ్మా" అన్నాను. "నేనొక మాటంటే కాదనరనుకో. కానీ మన పిల్ల కదా అని చెప్పి లోపలికి తోసెయ్యడం పద్ధతి కాదు."

"సరేనండి" అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా వెనక బెంచీలు ఖాళీ. సర్దినవాణ్ణి, నాకు తెలియదూ?

పరీక్షల్లో ఫిజిక్సు పోయింది, లెక్కలూ పోయాయి. సెలవులకి వెళ్లిన పిల్ల కాలేజీ తెరిచాక తిరిగి రాలేదు. ఆకివీడు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతోందని తెలిసింది. నాకు అన్నం సయించలేదని రాస్తే బాగుంటుంది. సయించింది. నిద్రే పట్టలేదు.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. వేళ్లు నీళ్లలో నాని, గీతలు పడి ఉన్నాయి. నేను అటెండర్నని, అది బయటపడకూడదనే క్లాసుకి రానివ్వలేదని చెప్పేశాను.

లోపల్నుంచి మా చెల్లెలు నవ్వింది. "నువ్వు అటెండరువని ఊరందరికీ తెలుసు అన్నయ్యా! నువ్వు చెబుతుంటే సరదాగా ఉంటుందని వింటాం, అంతే."

పిల్ల నవ్వలేదు. "అయితే సీట్లు ఉన్నాయాండి?" అంది.

"ఉన్నాయమ్మా."

వేళ్లు చూసుకుంది. "నాకే చదువు రాదనుకున్నాను" అంది.

నేను బతిమాలానని కాదు, తనకి కావాలనే నాతో ఏలూరు బయల్దేరింది. మర్నాడు సాయంత్రం ఆ లెక్చరరుగారి ముందు నిలబెట్టాను. ఆయన మార్కులు చూసి తల పట్టుకున్నారు.

"ఏమ్మా, నిరుడే రావాల్సింది కదా? గదిలో సగం ఖాళీయే. నీకెవరూ చెప్పలేదా?"

నేను బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలెట్టాను.

"తెలీలేదండి" అంది పిల్ల, నా వైపు చూడకుండా.

ఆయన నమ్మారు. ఆ మాట నేను దిద్దలేదు.